ఊపిరికి సిగ్గేల?

అన్నము లేక మనుష్యుడు కొన్ని వారములు బ్రతుకవచ్చును. నీరు లేక కొన్ని దినములు బ్రతుకవచ్చును. గాలి లేక కొన్ని నిమిషములకంటె బ్రతుకజాలడు. ఒక అహోరాత్రమున సుమారు ఇరువదివేల పర్యాయములు మనకు తెలియకయే జరిగిపోవు ఉచ్ఛ్వాసనిశ్వాసములను మన మెన్నడును లెక్కింపము. లెక్కించువా డొక్కడే కలడు, అతడు ఉబ్బసరోగి. నడిరేయి పడకపై లేచి కూర్చుండి, మోకాళ్లపై చేతు లానించి, ఒక్కొక్క యూపిరిని బావినుండి నీరు చేదినట్లు చేదుకొను వానికి మాత్రమే గాలియొక్క వెల తెలియును. ఇట్టివారు మన ప్రతి వీధిలోను ఉన్నారు. అయినను ఈ వ్యాధినిగూర్చి మనము బహిరంగముగా మాటాడుట లేదు. ఎందుచేత? సిగ్గుచేత. ఈ సిగ్గును గురించియే నేడు మా పాఠకులతో రెండు మాటలు చెప్పదలచితిమి.

పెండ్లిచూపులనాడు వధువు ఇన్‌హేలరును తల్లి బీరువాలో పెట్టి తాళము వేయును. అత్తవారింట కోడలు స్నానపుగదిలో తలుపు వేసికొని మందు పీల్చును. తరగతిలో ఆయాసము వచ్చిన బాలుడు తోటిపిల్లలు నవ్వుదురని సంచిలోని మందును బయటికి తీయడు. కచేరీలో గుమాస్తా దగ్గుచు “కొంచెము పడిసెము” అని బొంకును. ఇవి మన పట్టణములలో అపూర్వములైన సంగతులు కావు. దృష్టి మందగించినవాడు కండ్లజోడు పెట్టుకొని రాజవీధిని నడచును, వానిని చూచి “అయ్యో! కండ్లకు అద్దములు అలవాటైనవి” అని ఎవ్వరును జాలిపడరు. శ్వాస మందగించినవాడు ఒక చిన్న మందుగొట్టమును నోట నుంచుకొన్నచో మాత్రము అది చాటున చేయవలసిన పని యైనది. ఈ భేద మేల కలిగెనో మనలను మనమే ప్రశ్నించుకొనవలసి యున్నది.

ఈ సిగ్గునకు మనము చెల్లించుచున్న సుంకము ఎంతటిదో లెక్కలు చెప్పుచున్నవి. ప్రపంచవ్యాధిభారమును లెక్కించిన పండితులు 2019వ సంవత్సరమునకు వేసిన అంచనానుబట్టి లోకమున ఉబ్బసరోగులు సుమారు 26 కోట్ల 20 లక్షలు. ఆ యేట ఈ వ్యాధిచే మరణించినవారు సుమారు 4 లక్షల 55 వేలు. రోగులలో భారతదేశమువారు సుమారు 3 కోట్ల 43 లక్షలు, అనగా నూటికి 13 మంది. ఇంతవరకు ఆశ్చర్యపడవలసినది లేదు; జనసంఖ్యలో మనము లోకమున ఆరవవంతు దాటియున్నాము. కాని మరణములలో మన వంతు నూటికి 40కి పైబడి యున్నది. పాఠకులు ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూతురుగాక. రోగము మనకు ఇతరులకంటె ఎక్కువగా లేదు. చావు మాత్రము మూడింతలున్నది. ఇది విధివ్రాతయా? కాదు. మందు లేని రోగముచే చచ్చుట విధి యనవచ్చును. మందున్న రోగముచే చచ్చుట మన యజ్ఞానము, మన యశ్రద్ధ.

ఉబ్బసము క్రొత్తగా పుట్టిన వ్యాధి కాదు. చరకసంహిత శ్వాసరోగములను ఐదువిధములుగా విభజించి, అందు తమకశ్వాసమని పేర్కొన్న లక్షణములు నేటి ఉబ్బసమునకు సరిపోవుచున్నవి. ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు సన్నని నాళముల లోపలిపొర వాచి యుండును. వాచిన యానాళములు దుమ్ము తగిలినను, పొగ తగిలినను, పుప్పొడి తగిలినను, పడిసెము పట్టినను, చల్లగాలి వీచినను, ఉలికిపడి బిగిసికొనును. కఫము చేరి మార్గ మింకను ఇరుకగును. అప్పుడు రొమ్ములో పిల్లికూతలు, ఆయాసము, రాత్రి తెల్లవారుజామున దగ్గు కలుగును. కొంతసేపటికి బిగువు సడలి రోగి సుఖముగా నుండును. ఇది అంటువ్యాధి కాదు. పూర్వజన్మపాపము కాదు. పిరికితనము కాదు. తల్లిదండ్రులనుండి కొంతయు, పీల్చు గాలినుండి కొంతయు సంక్రమించిన శరీరధర్మము మాత్రమే.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. మా పాఠకులు తక్కిన దంతయు మరచినను దీనిని మరువరాదని మా ప్రార్థన. ఆయాసము తగ్గిననాడు రోగము పోయినదని మనము తలంతుము. పోలేదు. నాళములలోని వాపు నివురుగప్పిన నిప్పువలె లోపల నుండనే యున్నది. ఋణశేషమును, అగ్నిశేషమును, శత్రుశేషమును ఉంచరాదని మన పెద్దలు చెప్పుదురు. ఉబ్బసమున అగ్నిశేషమే ప్రాణాపాయము.

ఇందుకు తగినట్లే ఇన్‌హేలరులును రెండు తెరగులు. సాల్‌బ్యుటమాల్ వంటి మందు కలది ఒకటి. ఇది సాధారణముగా నీలిరంగున నుండును. బిగిసిన నాళమును కొద్ది నిమిషములలో సడలించును. ఇది పొగను విసరివేయు విసనకఱ్ఱ వంటిది, నిప్పును ఆర్పజాలదు. రెండవది బెక్లోమెథసోన్, బ్యుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ మందు కలది. ఇది తక్షణమే హాయి నీయదు. దినదినమును పీల్చుచుండగా కొన్ని వారములలో వాపును అణచివేయును. నిప్పుపై నీరు చల్లునది ఇదియే. మనవారు మొదటిదానిని నమ్ముదురు, రెండవదానిని మానుదురు. మొదటిది పీల్చిన వెంటనే ఫలము కన్పట్టును గదా! రెండవదాని ఫలము ఆయాసము రాకపోవుటయే. రానిదానిని ఎవరు చూతురు? ఈ పొరపాటువలననే పెక్కుమంది ప్రాణములు పోవుచున్నవి. 1993లో ఏర్పడి ప్రపంచవైద్యులకు మార్గదర్శనము చేయుచున్న ‘గినా’ యను సంఘమువారు, పెద్దలకును యౌవనదశలో నున్నవారికిని ఉపశమనపు ఇన్‌హేలరు మాత్రమే యిచ్చి ఊరకుండుట అపాయకరమనియు, స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలరు చికిత్సలో తప్పక యుండవలెననియు 2019లో స్పష్టముగా ప్రకటించిరి. ఒకే గొట్టములో ఉపశమనమును నివారణమును కలిపి యిచ్చు మందులును నేడు కలవు.

ఇన్‌హేలరుపై మన సమాజమున మూడపవాదములు ప్రబలియున్నవి. అది అలవాటగు నని ఒకటి. అది ఘాటైన మందని ఒకటి. అది కడపటి యుపాయమని ఒకటి. వీనిని వరుసగా విచారింతము. మత్తుపదార్థమువలె దేహము దీనిని కోరదు; మానినప్పుడు రోగము తిరిగి తలయెత్తుట మందు మానినందువలననే గాని మందునకు దాసుడైనందువలన గాదు. అట్లయినచో అన్నము కూడ మన కలవాటైనదే! ఇక ఘాటన్న మాట. సాల్‌బ్యుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములుండును. ఇన్‌హేలరునుండి ఒక్కమారు వెడలునది 100 మైక్రోగ్రాములు. అనగా ఒక్క మాత్రలో నలుబది పీల్పుల మందున్నది. మాత్ర కడుపులో బడి, రక్తమున గలిసి, గుండెను దడదడలాడించి, చేతులను వణకించి, తుదకు ఊపిరితిత్తులను చేరును. పీల్చిన మందు నేరుగా చేరవలసిన చోటికే చేరును. మాత్రను సుఖముగా మ్రింగువాడు పీల్పును చూచి బెదరుట చీమకు వెఱచి పామును పట్టుకొనుట వంటిది. ఇక కడపటి యుపాయమనుట. 1956లో కొలతప్రకారము మందు వెదజల్లు గొట్టము మొదట వాడుకకు వచ్చెను. 1969లో సాల్‌బ్యుటమాల్, 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలరులు వెలువడెను. అర్ధశతాబ్దికి పైగా లోకమంతయు పరీక్షించిన యీ సాధనము నేటి వైద్యమున మొదటి యుపాయమే గాని కడపటిది కాదు.

స్టెరాయిడ్ అను పేరు వినగానే భయపడువారు కొందరు కలరు. ఆ భయమునకు కారణము లేకపోలేదు. నెలలతరబడి మాత్రలుగాను సూదిమందుగాను వాడినచో ఎముకలు గుల్లబారును, చక్కెరవ్యాధి తలయెత్తును. కాని పీల్చు మందులోని మోతాదు మైక్రోగ్రాములలో నుండును. పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించి ఉమిసినచో నాలుకపై బూజు పట్టుటయు గొంతు బొంగురుపోవుటయు చాలవరకు తప్పును. వింత యేమనగా, ఇన్‌హేలరులోని స్టెరాయిడ్‌ను చూచి వెఱచువారే ఊరుపేరు లేని పొడులను నెలలతరబడి తినుచుందురు. “మూడు మోతాదులలో ఉబ్బసము మటుమాయము” అను పొడిలో ఏమున్నదో అమ్మువాడు చెప్పడు, కొనువాడడుగడు. అందు స్టెరాయిడ్‌నే పెద్దమోతాదున రహస్యముగా కలుపువారు లేకపోలేదు. పేరు చెప్పని మందును వాడరాదు. ఇది అల్లోపతికిని, ఆయుర్వేదమునకును, యూనానీకిని సమానముగా చెల్లు నియమము.

ఈ సందర్భమున మృగశిరకార్తెనాటి చేపప్రసాదమును ప్రస్తావింపక తప్పదు. ఏటేట ఆ దినమున హైదరాబాదులోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున వేలకొలది జనము దూరదేశములనుండి వచ్చి, మందుముద్ద నుంచిన కొరమీను పిల్లను మ్రింగి పోవుచుందురు. తరతరములుగా ఆ కుటుంబమువారు దీనిని ఉచితముగా పంచుచున్నారు. వారి ధర్మబుద్ధిని మేము శంకింపము. ప్రజల విశ్వాసమును పరిహసించుటయు మా యుద్దేశము కాదు. ఎండలో బిడ్డను భుజమున మోసికొని బారులు తీరిన తల్లి మూఢురాలు కాదు. ఆమెకు కావలసినది బిడ్డ యూపిరి. అయినను ఆ మందు ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రపరీక్షచే నిర్ధారితము కాలేదని చెప్పుట మా విధి. ప్రసాదమును స్వీకరింపదలచినవారు స్వీకరింతురుగాక. స్వీకరించితిమి గదా యని ఇంటికి పోయి ఇన్‌హేలరును పారవేయకుందురుగాక. ఆ బారుల పొడవు మన కింకొక సత్యమును చాటుచున్నది. ఇంతటి జనము ఈ రోగముచే బాధపడుచున్నారు. వారు ఒక్కనాడు సిగ్గు విడిచి బహిరంగముగా నిలుచుచున్నారు. తక్కిన 364 దినములును వారు ఎచ్చట దాగియున్నారు?

రోగిని మందు తినుమని చెప్పి, వానిచుట్టును పొగ పెట్టుట న్యాయము కాదు. కాబట్టి గాలినిగూర్చియు కొంత విచారింపవలసి యున్నది. వంటయింటి పొగతో ప్రారంభింతము. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వెలసిన దీపము పథకమును, 2016లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఉజ్జ్వల పథకమును లక్షలకొలది యిండ్లకు గ్యాసుపొయ్యిని చేర్చినవి. ఇది స్తోత్రపాత్రమైన కార్యము. కాని పొయ్యి చేరుటయు, పొగ పోవుటయు ఒకటి కాదు. సిలిండరు ధరకు జంకి, అన్నము గ్యాసుపైన వండి, నీళ్లు కట్టెలపైన కాచు ఇండ్లు నేటికిని కలవు. రాత్రి తలుపులు బిగించి దోమల చక్రము వెలిగించు నలవాటు మఱియొకటి. ఒక్క చక్రమునుండి వెడలు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన తెల్పుచున్నది. బిడ్డను దోమనుండి కాపాడదలచిన తండ్రి దోమతెరను కట్టవలెను గాని పొగను పెట్టరాదు. చుట్ట, బీడీ, సిగరెట్ల మాట వేరుగా చెప్పనేల? బహిరంగస్థలములందు పొగత్రాగుట 2008 అక్టోబరు 2 నుండి దేశమంతట నిషిద్ధమైనది. ఇంటిలోపల బిడ్డల యెదుట త్రాగువానిని ఏ శాసనమును పట్టుకొనదు, వాని మనస్సాక్షియే పట్టుకొనవలెను.

ఇల్లు దాటినచో వీధి. ఖాళీస్థలముల నిండ పెరుగు వయ్యారిభామ పుప్పొడి, గుంటూరు మిరపయార్డులో బస్తాలు మోయువారి ముక్కులలోని ఘాటు, విశాఖపట్టణపు రేవుప్రక్క ఇండ్ల గడపలపై పేరుకొను బొగ్గుధూళి, హైదరాబాదు కూడళ్లలోని బండ్ల పొగ, కోతల పిమ్మట పొలములలో తగులబెట్టు గడ్డి — ఇవి యన్నియు ఒకే నాళమును చేరుచున్నవి. గాలిలోని సూక్ష్మధూళి సాలుసరిని ఘనమీటరునకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో నిర్ణయించెను. మన దేశము 2009లో విధించుకొనిన ప్రమాణము 40. ఆ ప్రమాణమును సైతము అందుకొనలేని పట్టణములకొఱకు 2019లో జాతీయ స్వచ్ఛవాయు ప్రణాళిక యేర్పడెను; విశాఖపట్టణము, విజయవాడ, హైదరాబాదు అందు చేరియున్నవి. ప్రణాళికలు కాగితముపైన నుండగా ధూళి మన రొమ్ములలో నున్నది. పురపాలకసంఘములు రోడ్లను ఊడ్చునప్పుడు నీరు చల్లుటయు, చెత్తకుప్పలకు నిప్పు పెట్టకుండుటయు కోట్ల వ్యయముతో గూడిన పనులు కావు. పన్ను చెల్లించు పౌరుడు వీనిని అడుగవలెను.

ప్రభుత్వమువారి నొక్కమాట అడుగుదుము. సాల్‌బ్యుటమాల్, బ్యుడెసొనైడ్ ఇన్‌హేలరులు రెండును భారతప్రభుత్వమువారి అత్యవసర ఔషధముల పట్టికలో నున్నవి. పట్టికలో నున్న మందు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు అలమారలో నేడు, రేపు, ప్రతి దినమును ఉండవలెను గదా! రక్తపోటునకును, చక్కెరవ్యాధికిని నెలనెల మాత్రలు పంచునట్లే ఉబ్బసమునకును నివారణపు ఇన్‌హేలరును ఏల పంచరాదు? దినకూలిపై బ్రతుకువాడు ఆయాసము వచ్చిననాడు అప్పుచేసియైన ఆసుపత్రికి పోవును. ఆయాసము లేనినాడు మందు కొనుటకు వానికి మనసొప్పదు, చేతిలో పైక ముండదు. వాని యూపిరి ఆగబోవునప్పుడు వేలు వెచ్చించుటకంటె ఆగకుండ జేయుటకు వందలు వెచ్చించుట ప్రజల కోశమునకును లాభమే. ప్రతి యేట మే మాసపు తొలి మంగళవారమున జరుగు ప్రపంచ ఉబ్బసదినమునకు 2025లో పీల్చుమందు లందరికిని అందవలెనను నినాదమునే నిర్ణయించిరి. నినాదమును గోడపై అంటించి, అలమారను ఖాళీగా నుంచుట మర్యాద కాదు.

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఉపాధ్యాయులు తమ తరగతిలో ఏ బాలునకు ఉబ్బసమున్నదో తెలిసికొని, వాని మందు వానిచెంతనే యుండనీయవలెను, తాళములో పెట్టరాదు. చికిత్స చక్కగా జరుగుచున్న బాలుడు తక్కినవారితో సమానముగా పరుగెత్తగలడు. వానిని ఆటలనుండి వెలివేయరాదు. గర్భిణియైన కోడలు మందు పీల్చిన శిశువునకు కీడని అత్తగారు మాన్పింపరాదు. తల్లి యూపిరి తగ్గినచో శిశువు ప్రాణవాయువే తగ్గును. మందు పీల్చు విధమునుగూడ నేర్వవలెను: గొట్టమును కదిపి, ఊపిరి పూర్తిగా విడిచి, మెల్లగా లోతుగా పీల్చుచు నొక్కి, పదియంకె లెన్నువరకు బిగబట్టవలెను. ఇట్లు చేయలేని పిల్లలకును వృద్ధులకును గొట్టమునకు తగిలించు ‘స్పేసరు’ అను బుఱ్ఱ కలదు. విధము తెలియక నాలుకపైననే మందును పోగొట్టుకొని “ఈ మందు పని చేయదు” అనువారు అనేకులు. పట్టణమున నున్న పఠనమందిరములవారు ఒక ఆదివారము సాయంకాలము వైద్యు నొకని పిలిపించి, ఈ పద్ధతిని నలుగురి యెదుట చూపించినయెడల, పది యుపన్యాసములకంటె అది మేలు.

అపాయచిహ్నములను ప్రతి గృహస్థుడును ఎరిగి యుండవలెను. రోగి ఒక వాక్యమును పూర్తిగా పలుకలేకున్నను, పెదవులు నీలిబారినను, రొమ్ముటెముకల నడుమ చర్మము లోనికి పీల్చుకొనిపోవుచున్నను, ఉపశమనపు మందు పీల్చినను ఫలము కలుగకున్నను, తెల్లవారువరకు వేచియుండరాదు. రోగిని కూర్చుండబెట్టి, మందును మరల మరల పీల్పించుచు, 2005లో మన గడ్డపైననే ప్రారంభమైన 108 వాహనమును పిలువవలెను. “ఎప్పుడును వచ్చునదే, తగ్గిపోవును” అను మాట అనేక గృహములలో కడపటి మాట యైనది.

వ్యాధిని దాచుటవలన కలిగిన మర్యాద ఏదియు లేదు; దాచుటవలన కలిగిన దుఃఖము మాత్రము అపారము. కావున తల్లులారా, బీరువా తాళము తీయుడు. వరుని తండ్రులారా, పిల్ల మందు పీల్చునా యని అడుగుటకు మారుగా, మీ యింట ఎవరైన చుట్ట కాల్చుదురా యని మిమ్ములను మీరే ప్రశ్నించుకొనుడు. రోగులారా, నలుగురిలో మీ ఇన్‌హేలరును బయటికి తీయుడు. మీరు తీసిననాడు మీ ప్రక్క కూర్చున్న మఱియొకడు తన జేబులోనిదానిని తీయుటకు ధైర్యము తెచ్చుకొనును. గాలి ఎవ్వరి సొత్తును కాదు, అది యందరిది. అందరిదైన దానిని పీల్చుటకు ఎవ్వడును సిగ్గుపడవలసిన పనిలేదు.